ఒరిజినల్ అట్టపెట్టె గారికి బహిరంగ లేఖ

అయనావరం, చెన్నై.

మహారాజరాజశ్రీ ఒరిజినల్ అట్టపెట్టె గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. పాత బొమ్మలకు విలువ కట్టడానికి గత నెల మన ఇంటికి వచ్చిన పెద్దమనిషి తెల్లటి చేతితొడుగులు వేసుకొని, బల్లమీదున్న బొమ్మ రైలింజన్‌ను పక్కకు జరిపి, ముందుగా దాని అట్టపెట్టె అయిన తమరిని రెండు చేతులా ఎత్తుకున్న క్షణం నుంచి తమరి నడవడిలో వచ్చిన మార్పును నేను గమనిస్తూనే ఉన్నాను. అంతవరకు బీరువా అడుగు అరలో పాత పంచాంగాల కింద పడి ఉన్న తమరు ఇప్పుడు సిలికా జెల్ పొట్లాల మధ్య పై అరలో కొలువుతీరారు. పెట్టె ఉంటే బొమ్మకు ధర పెరుగుతుందని, బొమ్మ లేకపోయినా ఖాళీ పెట్టెకు గిరాకీ ఉందని, ఆ గిరాకీ చూసి పాత పెట్టెలను కొత్తగా అచ్చువేసి అమ్మేవారు కూడా తయారయ్యారని ఆయన సెలవిచ్చారు. పెళ్లికొడుకు కంటే పల్లకికి ఎక్కువ కట్నం పలికిన సంబంధం నేను చూడడం ఇదే మొదలు.

తమరి వంశం గొప్పదే, కాదనను. ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో కంపెనీ లివర్‌పూల్ బిన్స్ రోడ్డు కర్మాగారం నుంచి 1938లో హార్న్‌బీ డబ్లో బొమ్మ రైళ్లను బయటికి తెచ్చింది. యుద్ధం ముగిశాక ఆ వరుసలోనే, ముదురు ఎరుపు రంగులో, బొగ్గుపెట్టె మీద ఎల్.ఎం.ఎస్. అన్న ఇంగ్లండు రైల్వే కంపెనీ అక్షరాలతో, ఒక స్కాట్లండు దొరసాని పేరున 'డచెస్ ఆఫ్ ఆథోల్' అనే ఇంజన్ వచ్చింది. రేకు పట్టాలమీద మూడు కమ్మీలుంటే, నడిమి కమ్మీ నుంచి కరెంటు తీసుకొని పన్నెండు వోల్టులతో పరిగెత్తడం ఆవిడ పద్ధతి. కంపెనీయే 1959లో రెండు కమ్మీల పద్ధతిని తెచ్చింది గనుక, మూడు కమ్మీల డచెస్ యౌవనం దాటకముందే పాతబడిపోయింది.

అలాంటి డచెస్ ఏ దొరగారింటి పిల్లవాడి సామానుతో ఓడ దిగిందో గాని, తాతయ్య దాన్ని 1950ల చివర్లో మద్రాసు మూర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్‌గా కొన్నారు. మన పెద్దమనిషి రసీదు ఏదని అడిగారు. ఆ మార్కెట్ 1985లో అగ్నికి ఆహుతై, ఆ స్థలంలో ఇప్పుడు సబర్బన్ రైళ్లు ఆగుతున్నాయి గనుక, రసీదు కోసం ఏ ప్లాట్‌ఫారం మీద విచారించాలో ఆయనే చెప్పాల్సి ఉంది.

తాతయ్య పెరంబూరు లోకో వర్క్స్‌లో ఫిట్టరు. ఇంజన్ కనబడితే చేతులు కట్టుకొని కూర్చోవడం ఆయనకు చేతకాని పని. దొరసాని ఎరుపు ఆయనకు నచ్చలేదు, నల్లరంగు వేశారు. ఎల్.ఎం.ఎస్. తీసేసి ఎస్.ఆర్. అని రాశారు. ఇంగ్లండులోనూ ఒకప్పుడు ఒక సదరన్ రైల్వే ఉండేది గనుక, ఒక కంపెనీ ఇంజన్‌కు మరో కంపెనీ పేరు పెట్టిన అజ్ఞానం కింద దీన్ని జమకట్టి పెద్దమనిషి నవ్వారు. తాతయ్య రాసింది 1951 ఏప్రిల్ 14న పుట్టిన మన సదరన్ రైల్వే పేరు, అంటే తనకు జీతమిచ్చిన సంస్థ పేరు. అంతటితో ఆగక, మన దేశపు ఇంజన్‌కు ముందు కౌక్యాచర్ ఉండాలని నెయ్యిడబ్బా రేకు కత్తిరించి, రెండు చిల్లులు పెట్టి, చిన్న మరలతో బిగించారు. స్కాట్లండు డచెస్ చెన్నపట్నం ఎనుములను పక్కకు తోసుకుంటూ ప్రతి దసరాకూ అమ్మమ్మ పెట్టే బొమ్మల కొలువు చుట్టూ తిరిగేది. చెట్టియారు దంపతుల బొమ్మల ముందు ఒకసారి పట్టాలు తప్పిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తమరి ఆస్థాన విద్వాంసుడు ఆ రెండు చిల్లులను భూతద్దంతో చూసి, శవపరీక్ష జరిపే వైద్యుడిలా నిట్టూర్చి, "నల్లరంగు కరిగించేసి మళ్లీ ఒరిజినల్ చేయించండి సార్" అన్నారు. ఇక్కడే నాకు తర్కం అందడం లేదు. రంగు కరిగించే మందు నల్లరంగు దగ్గర మర్యాదగా ఆగదు. కింద మిగిలిన ఎరుపునూ, అంచుల గీతలనూ కూడా తినేస్తుంది. ఆ తరువాత నిన్నగాక మొన్న కలిపిన ఎరుపు రంగు వేసి, మొన్నటేడు అచ్చయిన అక్షరాలు అతికించి, చిల్లులు పూడ్చి, దాన్ని ఒరిజినల్ అని పిలవాలట. అరవై ఏళ్లకు పైగా ఆ లోహాన్ని అంటిపెట్టుకొని ఉన్న తాతయ్య నల్లరంగును మాత్రం కల్తీ అనాలట. గుడిలో నిజమైన శిల్పం మీద సున్నం కొట్టి జీర్ణోద్ధారణ అని ఫలకం వేయించే ధర్మకర్తలకూ ఈ శాస్త్రానికీ తేడా ఏమిటో తమరే చెప్పాలి.

అలాగని ముట్టుకోకుండా తమరి కడుపులో దాచేస్తే క్షేమమా అంటే, అదీ కాదు. కొన్నేళ్లు కదలకపోతే ఇరుసులమీది నూనె బంకగా గడ్డకట్టి చక్రాలు బిగుసుకుపోతాయి. అంతకంటే ఘోరమైనది పోతలోహానికి వచ్చే జబ్బు. జింకు మిశ్రమాన్ని పోతపోసేటప్పుడు అందులో సీసం ఏ కొంచెం కలిసినా, లోహం ఏళ్ల తరబడి లోలోపల ఉబ్బి, పగిలి, చివరకు అటుకుల్లా పొడి అవుతుంది. తేమ దానికి తోడైతే మరీ వేగం, చెన్నైలో తేమకు కరువా? యుద్ధానికి ముందరి బొమ్మల్లో ఈ జబ్బు ఎక్కువ. మన డచెస్ యుద్ధం తరువాతి పిల్ల గనుక బతికి ఉంది. దీనికి మందు లేదు, తమరు అంతకంటే మందు కారు.

పెద్దమనిషి ఇలా ఉంటే, పాత మహాబలిపురం రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడిది మరో దారి. ఇంజన్‌లో డిజిటల్ చిప్పు పెడితే ఫోన్లోంచే నడపొచ్చనీ, కూత కూడా వస్తుందనీ అంటాడు. ఈ మోటారులో కరెంటు అందించే ఒక బ్రష్షు నేరుగా లోహపు చట్రానికే ఆనుకొని ఉంటుంది; దాన్ని విడదీయకుండా చిప్పు పెడితే చిప్పు కాలిపోతుంది, విడదీయాలంటే కోతలు తప్పవు. నేను వద్దన్నాను. "మామయ్యా, తాతయ్య చిల్లు పెడితే వారసత్వం, నేను పెడితే పాపమా?" అని అడిగాడు. తాతయ్య చిల్లు పెట్టిన నాడు బిన్స్ రోడ్డులో డబ్లో ఇంజన్లు ఇంకా తయారవుతూనే ఉన్నాయనీ, ఆ కర్మాగారం 1979లో మూతపడిందనీ, పోయింది మళ్లీ పుట్టదనీ జవాబు చెప్పాను. అది సగం జవాబేనని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

పెరంబూరు పనివాళ్లకు ఈ గొడవ కొత్త కాదు. 1855లో లీడ్స్‌లో తయారై ఢిల్లీ మ్యూజియంలో బొమ్మలా నిలబడిన ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి ఇంజన్‌ను వాళ్లు విప్పి బాగుచేస్తే, 1997లో అది మళ్లీ ప్రయాణికులను లాగింది. అరిగిన భాగం మార్చకుండా ఆవిరి పుట్టదు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన నీలగిరి కొండరైలులో సైతం కొన్ని ఇంజన్లు బొగ్గు మాని నూనెతో మండుతున్నాయి. వాటికి అట్టపెట్టెలు లేకపోవడం వాటి అదృష్టం.

అందుచేత తమరికి తెలియజేయునది ఏమనగా, నల్లరంగు ఉంటుంది, కౌక్యాచర్ ఉంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మరు తీగల మీది రబ్బరు పెళుసై రాలిపోతోంది గనుక దాన్ని అటక ఎక్కించి, కొత్తది కొంటాను. ఒరిజినల్ షాకు కొట్టించుకునే భక్తి నాకు లేదు. బంక కడిగి నూనె వేస్తాను. మోటారులో తిరిగే ఆర్మేచర్ బయటికి తీయాల్సి వస్తే, అయస్కాంతం బలం తగ్గకుండా దాని మొనల మధ్య ఇనుపముక్క పెడతాను. మేనల్లుడి కూత ఇంజన్‌లో నుంచి కాక, కొలువు మెట్ల వెనక దాచిన స్పీకరులోంచి వస్తుంది. ఈ ఒప్పందానికి వాడు మూతి ముడుచుకుంటూనే తలూపాడు.

ఇక తమరి సొంత సంగతి. పెద్దమనిషి వెళ్లబోతూ తమరి మూత లోపలివైపు చూసి ఉలిక్కిపడి, మెత్తటి రబ్బరుతో జాగ్రత్తగా తుడిపించమన్నారు. ఇంజన్ ఏడాదంతా బీరువాలో గుడ్డ చుట్టుకొని ఉంటే, తమరు అమ్మమ్మ గుండీలనూ దారపు ఉండలనూ మోశారన్న నిజాన్ని ఆయన ముందు నేను బయటపెట్టలేదు, తమరి పరువు కాపాడాను. కాని ఆ పెన్సిలు రాత అమ్మమ్మ వేసిన చాకలి పద్దు: పంచెలు నాలుగు, దుప్పట్లు రెండు, దిండు గలీబులు మూడు, అందులో ఒకటి రావలెను. ఆ గలీబు ఇంతవరకు రాలేదు. అది వచ్చి లెక్క తేలేదాకా రబ్బరును తమరి దరిదాపులకు రానివ్వను.

ఇట్లు,
తమరి తాత్కాలిక యజమాని