ఉజ్బెకిస్తాన్ మాకు చేసిన ద్రోహం

2025 జూన్ 5న అబుదాబిలో ఒక ఘోరం జరిగింది. ఉజ్బెకిస్తాన్ ఫుట్‌బాల్ జట్టు యూఏఈతో ఆడి, ఆటను 0-0గా ముగించి, చరిత్రలో మొట్టమొదటిసారి ప్రపంచ కప్పుకు అర్హత సంపాదించింది. మధ్య ఆసియా దేశాల్లో ఇలాంటి పనికి తెగించిన తొలి దేశం అదే. ఆ దేశం సంబరాల్లో మునిగిపోయింది. అధ్యక్షుడు షవ్‌కత్ మిర్జియోయెవ్ ఆటగాళ్లను పిలిచి కార్లు బహూకరించారు. లోకమంతా అభినందనలు కురిపించింది. ఇంత నష్టం జరిగితే ఖండిస్తూ ఒక్క గొంతు కూడా లేవలేదు. కాబట్టి ఆ భారం నేనే నెత్తికెత్తుకోవలసి వస్తోంది.

నా బాధ అర్థం కావాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఓడిపోవడం పెద్ద విద్యేమీ కాదు. ప్రపంచంలో చాలా జట్లు ఏ శిక్షణా లేకుండానే ఓడిపోతున్నాయి. గడప దాకా వచ్చి, లోపల విస్తరి వేసి ఉండగా, చెప్పులు విడుస్తూ తూలి వీధిలో పడటం వేరు. అందుకు ప్రతిభ కావాలి, ఓపిక కావాలి, అన్నిటికీ మించి నడిచి గడప దాకా రాగలిగే సత్తువ కావాలి. ఇరవై ఏళ్లు ఈ విద్యను ఉజ్బెకిస్తాన్ సాధన చేసినంత నిష్ఠగా ఆసియాలో మరెవరూ చేయలేదు. మాలాంటి రసజ్ఞులం నాలుగేళ్లకొకసారి వాళ్ల కోసం ఎదురుచూసేవాళ్లం. ఆ ముచ్చట కాస్తా పోయింది.

ఆరంభం మాత్రం అశుభంగానే జరిగింది. సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన మూడేళ్లకే, 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో ఉజ్బెకిస్తాన్ బంగారు పతకం గెలిచేసింది. సెమీఫైనల్లో దక్షిణ కొరియా ఆటంతా తానే ఆడింది. ఉజ్బెక్ ఆటగాడు అబ్దురైమొవ్ దూరం నుంచి కొట్టిన ఒక బంతిని కొరియా గోల్‌కీపర్ పట్టుకోబోతే చేజారి గోల్‌లోకి దొర్లింది. అంతే, 1-0. ఫైనల్లో చైనాను 4-2తో ఓడించారు. పుట్టిన బిడ్డ పురిటి గదిలోనే పట్టా పుచ్చుకున్నట్టు ఉండటంతో, ఇక వీళ్లను ఆపేవాళ్లు లేరని అందరూ అనుకున్నారు. కొరియా మాత్రం ఆ ఒక్క గోల్‌ను అప్పు పద్దులో రాసుకుంది. అసలూ వడ్డీ ఎలా వసూలయ్యాయో ముందు ముందు చూద్దాం.

2005 సెప్టెంబరు 3వ తేదీని ఫుట్‌బాల్ చరిత్రకారులు కాదు, న్యాయశాస్త్ర విద్యార్థులు గుర్తు పెట్టుకోవాలి. 2006 జర్మనీ ప్రపంచ కప్పు కోసం ఆసియాలో ఐదో స్థానానికి పోరు. తాష్కెంట్‌లో బహ్రెయిన్‌తో మొదటి మ్యాచ్. కాసిమొవ్ గోల్‌తో ఉజ్బెకిస్తాన్ 1-0 ఆధిక్యంలో ఉంది. మొదటి సగంలోనే వాళ్లకు పెనాల్టీ దొరికింది. జెపారొవ్ కొట్టాడు, బంతి వలలో పడింది. జపాన్ రెఫరీ యోషిదా ఈల ఊదాడు. కిక్ కొట్టకముందే ఒక ఉజ్బెక్ ఆటగాడు పెనాల్టీ బాక్సులోకి కాలు పెట్టాడట. నియమం ప్రకారం కిక్ మళ్లీ కొట్టించాలి. రెఫరీ గారు అలా చేయకుండా గోల్ రద్దు చేసి, బహ్రెయిన్‌కు ఫ్రీకిక్ ఇచ్చారు. రెఫరీకే నియమం తెలియని ఆ అపూర్వ క్షణాన్ని ఉజ్బెకిస్తాన్ దిగమింగుకుని ఆడింది, చివరికి 1-0తో గెలిచింది.

ఇక్కడే మామూలు జట్టుకూ మహాజట్టుకూ తేడా తెలుస్తుంది. మామూలు జట్టు అయితే గెలిచాం కదా అని రెండో మ్యాచ్‌కు సామాన్లు సర్దుకునేది. ఉజ్బెకిస్తాన్ సమాఖ్య మాత్రం ఫిఫాకు ఫిర్యాదు రాసింది. మాకు అన్యాయం జరిగింది, ఈ మ్యాచ్‌ను 3-0గా మా పేర రాయండి అని కోరింది. గెలిచిన జట్టు, తన గెలుపు మీద తానే ఫిర్యాదు చేసింది. ఫిఫా ఫిర్యాదును శ్రద్ధగా చదివింది. మీరు చెప్పింది నిజమే, రెఫరీ సాంకేతికంగా తప్పు చేశాడు, కాబట్టి ఈ మ్యాచ్ చెల్లదు, మళ్లీ ఆడండి అని తీర్పు చెప్పింది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన పెద్దలు చెప్పింది తాష్కెంట్ దాకా చేరినట్టు లేదు.

అక్టోబరు 8న మ్యాచ్ మళ్లీ పెట్టారు. అదే ఊరు, అదే ప్రత్యర్థి. ఈసారి రెఫరీ ఏ తప్పూ చేయలేదు. ఫలితం 1-1. నాలుగు రోజుల తర్వాత మనామాలో రెండో మ్యాచ్ 0-0. రెండూ కలిపితే సమానం, కానీ పరాయి గడ్డ మీద కొట్టిన గోల్‌కు విలువ ఎక్కువన్న నిబంధనతో బహ్రెయిన్ ముందుకు పోయింది. ఎంత చదువుకోనివాడైనా వేళ్ల మీద లెక్కేసి చెప్పగలడు: ఆ పాత 1-0 చెక్కుచెదరకుండా ఉండి, మనామాలో ఇదే 0-0 వచ్చి ఉంటే ముందుకు వెళ్లేది ఉజ్బెకిస్తానే. అన్యాయం ఇచ్చింది న్యాయం లాక్కుపోయింది. ఆ తర్వాత బహ్రెయిన్ కూడా ట్రినిడాడ్ అండ్ టొబేగో చేతిలో ఓడి జర్మనీకి వెళ్లలేదు. అది వేరే విషాదం, దానిలో కళ ఏమీ లేదు.

ఇంతటి శిఖరం ఎక్కాక ఎవరైనా కొంతకాలం విశ్రాంతి తీసుకుంటారు. వీళ్లు తీసుకోలేదు. 2011 ఆసియా కప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 0-6తో ఓడారు. కానీ అది నాకు నచ్చలేదు. అంత బాహాటంగా ఓడటం వాళ్ల స్థాయికి తగదు. 2013లో, 2014 ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో మళ్లీ దారిలో పడ్డారు. జూన్ 11న సియోల్‌లో కొరియా 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ కొట్టినది కొరియా ఆటగాడు కాదు, ఉజ్బెక్ ఆటగాడే, తమ వలలోకే. కొరియా అప్పు పద్దు గుర్తుంది కదా? వారం తర్వాత చివరి రోజున కొరియా సొంత గడ్డ మీద ఇరాన్ చేతిలో ఓడి తలుపు బార్లా తెరిచింది. తాష్కెంట్‌లో ఉజ్బెకిస్తాన్ ఖతర్‌ను 5-1తో చితకబాదింది. పాయింట్లు సమానం. గోల్స్ తేడాలో, అంటే కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే, కొరియాకు 6, ఉజ్బెకిస్తాన్‌కు 5. నేరుగా కప్పుకు వెళ్లింది కొరియా. సియోల్‌లో తమ వలలోకి కొట్టుకున్న ఆ బంతి మరో అడుగు పక్కకు పోయి ఉంటే!

తర్వాత, మిగిలిన అవకాశం కోసం జోర్డాన్‌తో పోరు. అమ్మాన్‌లో 1-1, తాష్కెంట్‌లో 1-1, పెనాల్టీల్లో 9-8తో జోర్డాన్ గెలుపు. ఎనిమిది మంది సరిగ్గా కొట్టిన జట్టు ఓడిపోయింది. దీన్ని పథకం వేసి సాధించడం ఎవరి తరం?

అయినా నా మనసులో పెద్ద పీట 2017 సెప్టెంబరు 5 రాత్రికే. తాష్కెంట్‌లో కొరియాతో చివరి మ్యాచ్. గెలిస్తే నేరుగా 2018 కప్పు జరిగే రష్యాకు. గెలవలేదు, 0-0. అయినా మూడో స్థానం చేతిలో ఉంటే మరో అవకాశం మిగిలి ఉండేది. టెహ్రాన్‌లో అదే సమయానికి ఇరాన్, సిరియా ఆడుతున్నాయి. ఆ రౌండులో అంతకు ముందు తొమ్మిది మ్యాచ్‌లలో ఇరాన్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ రాత్రి సిరియాకు మొదట ఒకటి ఇచ్చింది, తర్వాత రెండు కొట్టి 2-1తో ముందుకెళ్లింది. అలాగే ముగిస్తే ఉజ్బెకిస్తాన్ మూడోది. తొంభై నిమిషాలూ దాటిపోయాయి. అదనపు సమయం మూడో నిమిషంలో సిరియా ఆటగాడు ఒమర్ అల్ సోమా బంతిని ఇరాన్ వలలోకి నెట్టాడు. 2-2. సిరియాకూ ఉజ్బెకిస్తాన్‌కూ పాయింట్లు సమానం, గోల్స్ తేడాలో సిరియాది పైచేయి. తాష్కెంట్‌లో ఉన్న జట్టును టెహ్రాన్‌లో, తాము ఆడని మ్యాచ్‌లో, చివరి క్షణంలో ఓడించగలిగారు. ఇంతకన్నా సూక్ష్మమైన పనితనం నేను చూడలేదు.

ఈ మధ్యలో వాళ్లు చేసిన మరో మహత్కార్యం కూడా చెప్పాలి. తాము ప్రపంచ కప్పుకు వెళ్లలేకపోతే ప్రపంచ కప్పు గెలిచినవాళ్లనే ఇంటికి రప్పించుకున్నారు. 2002లో బ్రెజిల్‌కు కప్పు తెచ్చిన రివాల్డో 2008లో తాష్కెంట్ క్లబ్బు బున్యోద్కర్‌కు ఆడటానికి వచ్చాడు. కోచ్‌గా బ్రెజిల్ పాత దిగ్గజం జికో వచ్చాడు. 2009లో ఆ 2002 జట్టు కోచ్ స్కొలారీయే దిగాడు. సముద్రం చేరడానికి ఎటు వెళ్లినా కనీసం రెండు దేశాలు దాటాల్సిన దేశం అది. అలాంటి చోటికి బ్రెజిల్ నుంచి మనుషులను రప్పించడం తేలిక కాదు, చవకా కాదు. జాతీయ జట్టు మాత్రం ఈ సహవాసదోషం అంటకుండా, 2010కీ 2014కీ కప్పు ముఖం చూడకుండా నిగ్రహం పాటించింది.

మరి ఇంతటి జట్టు ఎలా చెడిపోయింది? కారణం చాలా నీరసమైనది, చెప్పడానికే సిగ్గుగా ఉంది. పిల్లలకు ఆట నేర్పారు. అంతే. 2018లో అండర్-23 ఆసియా టైటిల్, 2023లో అండర్-20, 2025లో అండర్-17 గెలుచుకున్నారు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా ఈ కుట్ర సాగుతుంటే ప్రపంచం కళ్లు మూసుకుని కూర్చుంది. ఒక్కోసారి పాత సంస్కారం తొంగిచూసేది, కాదనను. 2025 జనవరిలో మాంచెస్టర్ సిటీ అబ్దుకొదిర్ ఖుసానొవ్‌ను కొన్నది. ప్రీమియర్ లీగ్‌లో కాలు పెట్టిన తొలి ఉజ్బెక్ అతనే. చెల్సీతో మొదటి మ్యాచ్, మూడో నిమిషం. గోల్‌కీపర్‌కు తలతో బంతి వెనక్కి పంపబోయాడు, అది చాలలేదు, చెల్సీకి గోల్. మరి కాసేపటికే పసుపు కార్డు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, వారసత్వం బతికే ఉందని. కానీ ఆ మ్యాచ్ సిటీ 3-1తో గెలిచింది, కుర్రాడు తర్వాత కుదురుకున్నాడు. ఈ తరం మీద ఆశ పెట్టుకోవడం దండగ.

కప్పును 48 జట్లకు పెంచి, ఆసియాకు నేరుగా ఎనిమిది చోట్లు ఇచ్చారు కాబట్టి వచ్చారులే, లేకపోతే వచ్చేవాళ్లు కాదు అని కొందరు మిత్రులు నన్ను ఓదారుస్తున్నారు. నేనూ ఆ గడ్డిపోచనే పట్టుకుని లెక్కలు తీశాను. చివరి రౌండు పది మ్యాచ్‌లలో ఒక్కటే ఓటమి, ఇరాన్ తర్వాత రెండో స్థానం, ఖతర్, యూఏఈ వెనకే. ఓదార్పుకు చోటే ఉంచలేదు. పైగా అదే జూన్ 5న జోర్డాన్ కూడా తొలిసారి అర్హత సాధించింది. 2013లో పెనాల్టీల్లో తమను ఓడించిన జోర్డాన్‌తో కలిసి, ఒకే రోజున! పగ కూడా మర్చిపోయారు.

గట్టు దాటించిన కోచ్ తిమూర్ కపాద్జే పరాయివాడు కాదు, పుష్కర కాలం ఆ జట్టుకే ఆడి, ఆ విద్యలో పండిన మనిషి. అతనే ఇలా చేస్తే ఇంకెవరిని అనాలి? సమాఖ్య వెంటనే మేల్కొని 2025 అక్టోబరులో అతన్ని పక్కకు జరిపి, ఫాబియో కన్నవారోకు పగ్గాలు ఇచ్చింది. కన్నవారో ఎవరో తెలుసు కదా? 2006లో ఇటలీ కెప్టెన్‌గా జర్మనీలో కప్పు ఎత్తినవాడు. ఫిర్యాదు రాసి తాము వదులుకున్న కప్పు అదే. అంటే పాత సంప్రదాయం మీద గౌరవం పూర్తిగా చావలేదన్నమాట.

ఇక ఖాళీ అయిన ఈ సింహాసనం ఎవరికి? మనవాళ్లు ఆశపడుతున్నారని విన్నాను. మొహమాటం లేకుండా చెప్పాలంటే మనకు అర్హత చాలదు. 2024 జనవరిలో ఆసియా కప్‌లో ఇదే ఉజ్బెకిస్తాన్ మనల్ని 3-0తో ఓడించింది. నాలుగో నిమిషంలోనే మొదటి గోల్, మూడూ మొదటి సగంలోనే. రెండో సగమంతా ఉత్త మర్యాద కోసం ఆడాం. త్రుటిలో తప్పిపోవాలంటే త్రుటి దాకా వెళ్లాలి కదా. ఒక్కసారి వెళ్లాం, ఒప్పుకుంటాను. 2024 జూన్ 11న దోహాలో ఖతర్ మీద 1-0 ఆధిక్యంలో ఉన్నాం. గెలిస్తే ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో తర్వాతి రౌండు. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటికి పోయింది. మన గోల్‌కీపర్ ఆగాడు, ఖతర్ ఆటగాడు ఆ బంతిని లోపలికి లాగాడు, మరొకడు కొట్టాడు, రెఫరీ గోల్ ఇచ్చాడు. చివరికి 2-1తో ఓడాం. మన సమాఖ్య విచారణ కోరుతూ ఫిర్యాదు చేసింది. ఫలితం మారలేదు.

ఫిర్యాదులో లోపమేమీ లేదు. వీడియో ఉంది, బయటికి పోయిన బంతి అందరికీ కనిపించింది. ఒక్కటే తప్పు చేశాం, ఓడిపోయి ఫిర్యాదు చేశాం. మ్యాచ్ రద్దు కావాలంటే గెలిచి చేయాలని 2005లోనే రుజువైంది. ఆ రోజు బహ్రెయిన్‌తో ఆడిన ఉజ్బెక్ జట్టు కోచ్ ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హౌటన్. ఆయన మరుసటి ఏడాదే మన జట్టు కోచ్‌గా వచ్చి, 2011 దాకా ఇక్కడే ఉన్నారు. అన్నేళ్లు ఉండి కూడా ఈ ఒక్క కిటుకు మనవాళ్ల చెవిన వేసి వెళ్లలేదు.