పగడపు దిబ్బకు కాపలా ఎవరిది?

2030 నాటికి భూభాగంలోనూ సముద్రంలోనూ 30 శాతం చొప్పున రక్షణ కిందికి తేవాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం నిర్దేశించింది. అప్పటి నుంచి ప్రభుత్వాలు పటాల మీద గీతలు గీసి, ఇంత శాతం పూర్తయిందని ప్రకటించుకుంటున్నాయి. లక్ష్యాన్ని తప్పుపట్టలేం. కానీ ఉష్ణమండల పగడపు దిబ్బల్లోని చేపలు మితిమీరిన వేట నుంచి బతికి బట్టకట్టాలంటే విస్తీర్ణం కంటే కాపలా ముఖ్యం. ఆ కాపలా ఎవరి చేతుల్లో ఉన్నదన్నది అంతకంటే ముఖ్యం. ఫిలిప్పీన్స్‌లోని సుమిలోన్, ఆపో అనే రెండు చిన్న దీవుల అనుభవం ఈ మాటను నిరూపిస్తుంది.

దిబ్బ చేపలకు వేట ఎందుకంత ప్రమాదకరమో ముందుగా చూడాలి. గ్రూపర్ జాతి చేపల్లో చాలావాటికి ఎదుగుదల నెమ్మది. అవి మొదట ఆడవిగా ఈడుకొచ్చి, బాగా పెరిగాక మగవిగా మారతాయి. గాలానికీ ఈటెకూ ముందుగా చిక్కేవి పెద్దవే కాబట్టి వేట పెరిగిన చోట మగ చేపలకు కొరత వస్తుంది. గుడ్లు పెట్టే రోజుల్లో ఇవి ఏటా ఒకే చోట గుంపుగా చేరతాయి. ఆ చోటు తెలిసిన బోట్లు కొద్ది రోజుల్లోనే చుట్టుపక్కల దిబ్బలన్నిటి సంతతినీ ఊడ్చేయగలవు. పైగా ఒక పెద్ద ఆడ చేప పెట్టే గుడ్లు, అంతే బరువు తూగే చిన్న చేపలన్నీ కలిసి పెట్టే గుడ్ల కంటే ఎక్కువ. అందువల్ల దిబ్బలో కొంత భాగాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోకుండా వదిలేస్తే అక్కడ మిగిలేవి వయసు మీరిన చేపలు మాత్రమే కావు, చుట్టుపక్కల దిబ్బలన్నిటికీ పిల్లల్ని అందించే తల్లి చేపలు.

ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు అమలయ్యే వేట నిషేధం మనకు తెలిసిందే. కొద్ది కాలంలోనే ఎదిగి గుడ్లు పెట్టే చేపలకు అటువంటి విరామం మేలు చేస్తుంది. దశాబ్దాలు బతికే దిబ్బ చేపకు రెండు నెలల విరామం చాలదు. మిగిలిన పది నెలల వేట ఆ ఫలితాన్ని తుడిచిపెడుతుంది. దానికి కావలసింది ఏడాది పొడవునా వేట లేని చోటు.

ఫిలిప్పీన్స్‌లోని సిల్లిమాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవశాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా చొరవతో 1974లో సుమిలోన్ దీవి దిబ్బలో దాదాపు నాలుగో వంతులో వేట నిలిపివేశారు. పదేళ్లు కాపలా సాగింది. ఆ తర్వాత స్థానిక రాజకీయాలు మారాయి, కాపలా సడలింది, రక్షిత భాగంలోకి వలలూ పేలుడు పదార్థాలూ ప్రవేశించాయి. ఇప్పుడు దిబ్బ మొత్తం వేటకు అందుబాటులోకి వచ్చింది కదా, దిగుబడి పెరగాలి. కానీ ఏడాదిన్నర తిరిగేసరికి దీవి మొత్తం మీద పట్టిన చేపలు దాదాపు సగానికి పడిపోయాయి. అల్కాలా, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త గారీ రస్ 1990లో ఈ ఫలితాన్ని ప్రచురించారు. మూసి ఉంచిన నాలుగో వంతే మిగిలిన మూడు వంతులనూ పోషించిందని చెప్పడానికి ఇంతకంటే బలమైన రుజువు నాకు తెలియదు. దాన్ని ఎవరూ పనిగట్టుకుని ప్రయోగంగా చేయలేదు. రక్షణ కుప్పకూలడం వల్ల దొరికిన రుజువది.

ఆపోలో కథ వేరుగా నడిచింది. అక్కడి జాలరి కుటుంబాలను ఒప్పించడానికి అల్కాలా బృందానికి కొన్నేళ్లు పట్టింది. చివరికి 1982లో దిబ్బలో సుమారు పదో వంతును ఊరివాళ్లే వేటకు మూసేశారు. ఆ భాగం ఒడ్డు పొడవునా దాదాపు 450 మీటర్లే. ఇసుక మీద కూర్చున్న ఒక్క మనిషికి మొత్తం కనిపిస్తుంది, బయటి పడవ వస్తే ఆ మనిషి కేక ఊరికి చేరుతుంది. 18 ఏళ్లలో రక్షిత భాగంలో సర్జన్ చేపలు, ట్రెవల్లీలు అనే రెండు రకాల చేపల మొత్తం బరువు మూడింతలైంది. ఆ రెండు రకాల చేపల దిగుబడి దీవిలో 1981 నాటికంటే 41 శాతం పెరిగింది. గాలం వేసేవారికి అదే శ్రమకు దక్కే చేప సుమారు 50 శాతం పెరగగా, వేటకు పెట్టే శ్రమ 46 శాతం తగ్గింది. అంటే జాలరి ఇంటికి త్వరగా తిరిగొచ్చాడు, తిండికి లోటు రాలేదు.

దీన్నిబట్టి ఎక్కడ గీత గీసినా చేపలు పెరుగుతాయని అనుకోకూడదు. 2014లో 87 రక్షిత ప్రాంతాలను పోల్చి చూసిన ఒక అంతర్జాతీయ పరిశోధన, వేట పూర్తిగా ఆగడం, గట్టి అమలు, పదేళ్లు దాటిన వయసు, పెద్ద విస్తీర్ణం, లోతు నీటి వల్లో ఇసుక వల్లో ఇతర దిబ్బల నుంచి విడిగా ఉండటం అనే లక్షణాల్లో ఒకటి రెండే ఉన్నచోట రక్షిత ప్రాంతానికీ బయటి దిబ్బకూ పెద్ద తేడా కనిపించదని తేల్చింది. ఆపో చిన్నదే అయినా మొదటి మూడూ ఉన్నాయి, ఆ మూడూ ఊరి పట్టుదల వల్ల వచ్చినవే. వేడెక్కిన నీటిని గానీ తుపానును గానీ ఏ కాపలాదారూ ఆపలేడన్నదీ నిజమే. 2011, 2012 డిసెంబరు తుపాన్లు ఆపో రక్షిత భాగంలోని పగడాలను ధ్వంసం చేశాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరో పరిణామం. ఆపో పేరు మోగాక 1994లో ప్రభుత్వం దాన్ని జాతీయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. నిర్వహణ ఊరి చేతుల్లోంచి అధికారులు కూడా ఉండే మండలికి మారింది. డైవింగ్ పర్యాటకులు చెల్లించే రుసుములో నాలుగో వంతు కేంద్ర నిధికి వెళ్లేలా ఏర్పాటైంది. తాను త్యాగం చేసి నిలబెట్టుకున్నదాని మీద ఊరికి మాట తగ్గితే, అర్ధరాత్రి పడవ చప్పుడు వినిపించినప్పుడు లేచి వెళ్లేదెవరు? రక్షణను పైనుంచి శాసించే ప్రభుత్వాలన్నీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

దిబ్బను మూసిన తొలి ఏళ్లలో నష్టం పూర్తిగా జాలరిదే. చేపలు పెరిగి గీత దాటి బయటికి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఇల్లు గడవకపోతే మొదట గీత దాటేది కాపలా ఉండాల్సినవాడే. వేట నిషేధ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు చెల్లించే భృతి, 2025 నుంచి 20,000 రూపాయలు, ఇటువంటి పరిహారం మన పాలనలో అసాధ్యమేమీ కాదని చూపుతోంది. అండమాన్‌లోనో మన్నార్ సింధుశాఖలోనో కొత్తగా ఏ దిబ్బను మూయదలచినా, కనీసం తొలి ఐదేళ్లకు అటువంటి భృతినీ, ఆ తర్వాత పర్యాటక రుసుములో సింహభాగాన్నీ, కాపలా అధికారాన్నీ ఆ తీరపు కుటుంబాలకే రాతపూర్వకంగా ఇవ్వాలి. శాతాల లెక్క ఆ తర్వాత చూసుకోవచ్చు.