అమీర్‌పేట గోడ మీద జాతకం

మా పిన్ని కొడుకు సివిల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. అంటే ఇక వెబ్ డెవలపర్ కావాల్సిన వేళ వచ్చేసిందన్నమాట. సివిల్, మెకానికల్, బీఫార్మసీ... మన చదువులన్నీ నదులనుకుంటే, అవన్నీ వెళ్లి కలిసే సముద్రం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల అడ్డా అయిన అమీర్‌పేట. "అన్నయ్యా, ఏ కోర్సులో చేరమంటావు?" అని తెనాలి నుంచి ఫోన్ చేశాడు. ఈ రంగంలో పదిహేనేళ్లుగా ఉన్నవాణ్ణి, అంటే ఒక బటన్‌ను పేజీకి సరిగ్గా మధ్యలో నిలబెట్టడానికి పదిహేనేళ్లుగా తంటాలు పడుతున్నవాణ్ణి. పెద్దవాడిగా బాధ్యత తీసుకుని, వాణ్ణి తీసుకెళ్లి మైత్రీవనం ఎదురుగా నిలబెట్టాను.

కెరీర్ గురించి తెలుసుకోవాలంటే అక్కడి ఫ్లెక్సీలు చదివితే చాలు. ఒకప్పుడు 'జావా' అని ఉండేది. కొన్నాళ్లకు 'జావా, స్ప్రింగ్, హైబర్నేట్' అయింది. ఆ తర్వాత 'ఫుల్ స్టాక్ జావా'. ఇప్పుడు 'ఫుల్ స్టాక్ జావా విత్ ఏఐ'. గది అదే, ఫ్యాన్ అదే, చెప్పే సారూ ఆయనే, ఆయన చెప్పే జోకులూ అవే. ఫీజు మాత్రం కాలంతో పాటు ఎదిగింది.

ఫుల్ స్టాక్ అంటే ఏమిటని మావాడు అడిగాడు. పూర్వం ఒకరు డిజైన్ గీసేవారు, ఒకరు పేజీ కట్టేవారు, ఒకరు సర్వర్ వైపు కోడ్ రాసేవారు, ఒకరు డేటాబేస్ చూసుకునేవారు, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి కూర్చోవడానికి ఇంకొకరు ఉండేవారు. ఈ ఐదుగురి పనినీ ఒక్క కుర్చీలో సర్దేసిన మహత్తర ఆవిష్కరణ పేరే ఫుల్ స్టాక్. ఐదు జీతాలు కూడా ఒకే కుర్చీలోకి వస్తాయా అన్నాడు. పిల్లాడు కదా, తెలీదు.

సిలబస్ చూశాం. పేజీకి అస్థిపంజరమూ అలంకరణా అయిన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ రెండు రోజులు. "అవి ఈజీ అండీ, యూట్యూబ్‌లో చూసేసుకోండి" అన్నారు కౌంటర్‌లో. నిజమే మరి. ఫారమ్‌లో గడికి లేబుల్ పెట్టకపోతే ఏమవుతుంది? చూపు లేనివారు తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో ఆ పేజీ తెరిస్తే ఏ గడిలో ఏం నింపాలో తెలియదు, అంతే కదా! పేజీకి కదలిక తెచ్చే జావాస్క్రిప్ట్ వారం. దీనికీ న్యాయం ఉంది. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్‌లో కూర్చుని ఆ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారు చేశాడు. తయారీకే పది రోజులు పడితే నేర్చుకోవడానికి ఏడు ఎక్కువే. మిగిలిన రెండున్నర నెలలూ రియాక్ట్, అంటే ఆ జావాస్క్రిప్ట్ మీదే కట్టిన లైబ్రరీ.

"అదేంటన్నయ్యా, పునాది తీయకుండా మూడో అంతస్తు శ్లాబ్ వేస్తున్నారు?" అన్నాడు మావాడు. సివిల్ చదివినవాళ్లతో వచ్చే చిక్కే ఇది. పునాది గురించి ఆలోచించే అలవాటు మాన్పించాలంటే చాలా కాలం పడుతుంది.

వాడికి 2016 మార్చి నాటి కథ చెప్పాను. ఒక పదానికి ఎడమ పక్కన ఖాళీలు చేర్చే 11 లైన్ల కోడ్ ఒకటి ఉండేది, పేరు లెఫ్ట్‌ప్యాడ్. దాన్ని రాసినాయన ఒక గొడవలో అలిగి, జావాస్క్రిప్ట్ కోడ్ ముక్కలు అందరూ దించుకునే ఎన్‌పీఎం అనే గోడౌన్ నుంచి తీసేశాడు. దానితో ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రాజెక్టుల బిల్డులు, అంటే కోడ్‌ను కూర్చి సిద్ధం చేసే పనులు, ఆగిపోయాయి. ఆ 11 లైన్లూ సొంతంగా రాసుకోవచ్చు కదా అంటావేమో, అది నామోషీ. దించుకోవడమే నైపుణ్యం.

మూడు నెలలయ్యాక పరీక్షించాను. బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే ఏం జరుగుతుంది? సైటు పేరును సర్వర్ చిరునామాగా మార్చే డీఎన్ఎస్ అంటాడా, పేజీని అడిగి తెప్పించే హెచ్‌టీటీపీ అంటాడా అని చూస్తున్నాను. "రియాక్ట్ లోడవుతుందన్నయ్యా" అన్నాడు నిబ్బరంగా. రెజ్యూమెలో మాత్రం 23 టెక్నాలజీలు ఉన్నాయి, అందులో రెండు ఒకటే.

తర్వాతి మెట్టు అనుభవం. ఫ్రెషర్ ఉద్యోగానికి మూడేళ్ల అనుభవం అడుగుతారు. దానికీ ఏర్పాట్లున్నాయి. ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, పచ్చళ్ల కొట్టులో కిలోనా అరకిలోనా అన్నట్టు "రెండేళ్లదా, మూడేళ్లదా?" అని అడిగారు. మూడేళ్లదానికి పే స్లిప్పులు కూడా వస్తాయట. మావాడి వయసు ఇరవై రెండు. లెక్క ప్రకారం బీటెక్ రెండో సంవత్సరంలో, సర్వేయింగ్ ల్యాబ్ చేస్తూనే, ఒక బ్యాంకు వెబ్‌సైటు కట్టాడన్నమాట.

ఆపైన నిచ్చెన ఎలాగూ ఉంది. జూనియర్ కోడ్ రాస్తాడు, సీనియర్ ఆ కోడ్ చూస్తాడు, లీడ్ ఆ కోడ్ ఎప్పటికవుతుందని అడుగుతాడు, ఆర్కిటెక్ట్ డబ్బాలు గీసి బాణాలు కలుపుతాడు. ఎంత పైకి వెళ్తే కీబోర్డు అంత శుభ్రంగా ఉంటుంది.

సంక్రాంతికి వాడు ఊరెళ్లాడు. పండగ మూడో రోజు పిన్ని ఫోన్. "ఒరే నాయనా, వీడు పొద్దున్నించీ గది తలుపేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చెవుల్లో అవేవో పెట్టుకుని పెదాలు కదుపుతున్నాడు గానీ గొంతు మాత్రం రావడం లేదు. వేరే ఎవడిదో గొంతు వినబడుతోంది. ఏదైనా మంత్రోపదేశమా?"

"కాదు పిన్నీ, కోర్సులో ఆఖరి పాఠం అది," అన్నాను. "ఇంటర్వ్యూ అయ్యేదాకా వాణ్ణి కదిలించకు, సెలెక్ట్ అయిపోతాడు."