పెద్దమ్మ మనసులో ఏముంది?

అప్లయిడ్ సైకాలజీ చదువుతున్నానని చెబితే చాలు, కొందరు చటుక్కున చూపు తిప్పేసుకుంటారు, మిగతావాళ్లు "అయితే నా మనసులో ఏముందో చెప్పు" అంటారు. మా పెద్దమ్మ రెండో రకం.

మొన్న చుట్టాలంతా కలిసినప్పుడు అదే అడిగింది. ఓపిగ్గానే చెప్పాను, మందులు రాసేది సైకియాట్రిస్టు, ఆయన డాక్టరు, మాది మనుషుల ప్రవర్తన గురించి తెలిసినదాన్ని ఆఫీసుల్లో, స్కూళ్లలో, ఆటల్లో, యాప్‌ల డిజైన్‌లో వాడే చదువు, మనసులు చదివేది కాదు అని. అంతా విని "సర్లే, ఇంతకీ నా మనసులో ఏముంది?" అంది.

అప్పుడు పుట్టింది నాకు వెధవ బుద్ధి. 1948లో ఫోరర్ అనే ప్రొఫెసర్ 39 మంది విద్యార్థులకి పర్సనాలిటీ టెస్టు పెట్టి, ఎవరి ఫలితం వాళ్లదే అన్నట్టు తలా ఒక కాగితం ఇచ్చి, ఎంత బాగా సరిపోయిందో అయిదుకి మార్కులేయమంటే సగటున 4.26 వేశారు. అందరి కాగితమూ ఒకటే! అందులో చాలా వాక్యాలు జాతకాల పుస్తకంలోంచి ఎత్తినవి.

"పెద్దమ్మా, నువ్వు పైకి గట్టిగా కనిపిస్తావు గానీ లోపల చాలా సున్నితం. నీ విలువ ఎవరికీ తెలీలేదు."

పెద్దమ్మ కళ్లనిండా నీళ్లు. "ఇన్నేళ్లు కాపురం చేసి మీ పెదనాన్న కనుక్కోలేనిది వీడు కనుక్కున్నాడే!" ఇంకేముంది, అత్తయ్య వచ్చింది, ఆవిడకీ అదే చెప్పాను, తర్వాత బాబాయికీ, ఆయన తాలూకు ఎవరో ఒకాయనకీ.

పావుగంటలో పక్కగదిలో లెక్కలు తేలాయి. ఒకరంటే ఒకరికి పడని పెద్దమ్మా అత్తయ్యా జీవితంలో మొదటిసారి ఒక్కమాట మీద నా దగ్గరికి వచ్చారు. "నాదీ ఈవిడదీ ఒకటే మనసా?" ఫోరర్ గురించి చెప్పి తప్పించుకుందామనుకున్నా, అది ఇంకా ఘోరమైంది. "అంటే నేను సున్నితం కాదంటావా?"

బాబాయి అడ్డుపడి "ఇంతకీ ఉద్యోగం ఏమొస్తుందిరా?" అన్నాడు. దేవుడిలా కనిపించాడు. క్లినికల్ వైపు, అంటే మానసిక సమస్యలకి చికిత్స చేసే వైపు వెళ్లాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, పై చదువు, సీనియర్ల కింద శిక్షణ, చాలా దేశాల్లో లైసెన్సు కూడా కావాలి, డిగ్రీతో హెచ్‌ఆర్, మార్కెట్ రీసెర్చ్ లాంటివి ప్రయత్నించొచ్చు అన్నాను. ఆయన ఆవులించాడు. అందుకని విమానం కథ ఎత్తుకున్నా. రెండో ప్రపంచయుద్ధంలో బీ-17 బాంబర్ విమానాల పైలట్లు దిగాక ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక ఉండే రేకులు, మూయబోయి చక్రాలు మడిచేసేవారు, ఎందుకంటే రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉండేవి. చపానిస్ అనే సైకాలజిస్టు చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం తగిలించాడు, సమస్య తీరింది.

"తప్పు మనిషిది కాదు బాబాయ్, మీటలది!" అంటూ ఫ్యాను తగ్గిద్దామని ఠీవిగా లేచి స్విచ్చి నొక్కాను.

గదంతా చీకటి.

అందులోంచి పెద్దమ్మ గొంతు. "లోపల సున్నితమైనదాన్నిరా, చెప్పి ఆర్పొచ్చుగా!"