మతం కాలమ్ ఖాళీగా వదిలే స్వేచ్ఛ ఎవరికుంది?

1933లో కాకినాడ పి.ఆర్. కళాశాల ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుణ్ణి ఉద్యోగం నుంచి తొలగించింది. కారణం ఆయన నాస్తికత్వం. ఆ అధ్యాపకుడు గోపరాజు రామచంద్రరావు, మనందరికీ తెలిసిన గోరా. తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరారు. అవే భావాల వల్ల ఆ ఉద్యోగమూ నిలవలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించారు.

ఈ కథను గోరా ధైర్యానికి నిదర్శనంగా చెప్పుకోవడం మనకు అలవాటు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కళాశాల తీరు. పి.ఆర్. కళాశాల ఛాందసానికి పేరుపడిన చోటు కాదు. బ్రహ్మసమాజ సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ఏళ్ల తరబడి ప్రిన్సిపాల్‌గా ఉండి తీర్చిదిద్దిన సంస్థ అది. విగ్రహారాధనను ప్రశ్నించే భావాలు అక్కడ కొత్త కాదు. కులభేదాలను ఖండించే మాటలూ కొత్త కాదు. అలాంటి చోట కూడా దేవుడే లేడన్న మనిషి మొక్కల గురించి పాఠం చెప్పడానికి పనికిరాకుండా పోయాడు. దైవభక్తి లేనివాడికి నీతి ఉండదన్న అనుమానాన్ని సంస్కర్తల తరం కూడా వదిలించుకోలేకపోయింది. నేటి విశ్వవిద్యాలయాలూ దాన్నుంచి పూర్తిగా బయటపడ్డాయని నేను అనుకోను.

చట్టం మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఎంతో మారింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే సంస్థల్లో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు గానీ పూజలకు గానీ హాజరు కమ్మని ఒత్తిడి చేయకూడదనీ అందులోనే ఉంది. ప్రార్థన సమయంలో చేతులు జోడించనన్న నాసిక్ ఉపాధ్యాయుడి వైపు బొంబాయి హైకోర్టు 2013లో నిలబడింది. ఏ ఫారంలోనైనా ‘మతం లేదు’ అని రాసుకునే హక్కు పౌరుడికి ఉందని అదే కోర్టు 2014లో చెప్పింది. జనన ధ్రువీకరణ పత్రంలో ‘మతం లేదు, కులం లేదు’ అనే కాలమ్ పెట్టాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది.

ఇన్ని తీర్పులున్నా ప్రవేశాల కౌంటర్ దగ్గర నిలబడిన పద్దెనిమిదేళ్ల విద్యార్థి ‘హిందూ’ అనో ‘క్రైస్తవం’ అనో రాసేసి వస్తాడు. 2011 జనగణనలో దేశం మొత్తం మీద నాస్తికులుగా నమోదైనవారు 33,304 మంది. మతం పేర్కొననివారు దాదాపు 28.7 లక్షలు. మతాన్ని నమ్మకపోవడం ఒకటి, ఆ మాట ప్రభుత్వ కాగితం మీద రాయడం మరొకటి. రెంటికీ మధ్య ఉన్న భయం ఊరికే పుట్టలేదు.

ఆ భయానికి పెద్ద కారణం రిజర్వేషన్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తికి షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి విభాగంలో ఉంటారు. ముస్లింలలో వెనుకబడిన వర్గాలు బీసీ-ఇలో ఉంటాయి. అంటే దళిత, బహుజన విద్యార్థికి మతం కాలమ్ సీటుతో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ముడిపడిన విషయం. ‘మతం లేదు’ అని రాస్తే కుల ధ్రువీకరణ పత్రం ఏమవుతుందో చెప్పేవారు ఉండరు.

ఉత్తర్వులోని మాటలను జాగ్రత్తగా చదివితే ఆ భయానికి ఆధారం కనిపించదు. అది అడ్డుకునేది ‘వేరే మతాన్ని’ అవలంబించేవారిని. మతాన్ని అవలంబించడం అంటే బహిరంగంగా స్వీకరించి ప్రకటించుకోవడమని 1960లలోనే సుప్రీంకోర్టు వివరించింది. ఏ మతమూ లేదన్న దళిత విద్యార్థి వేరే మతాన్ని ప్రకటించుకున్నట్టు ఎలా అవుతుంది? కులం పెట్టే అవమానం అతని విశ్వాసాన్ని అడిగి రాదు. విశ్వాసం పోయినంత మాత్రాన వదిలిపోదు కూడా. కానీ ఈ వాదన న్యాయవాది చెప్పాల్సింది. తహసీల్దార్ కార్యాలయంలో వరుసలో నిలబడిన కుర్రవాడు చెప్పుకోవాల్సి రావడం అన్యాయం. ఫలితంగా మతం లేదని ధీమాగా రాయగలిగేది రిజర్వేషన్ అవసరం లేని అగ్రకుల విద్యార్థే. కులాన్నీ మతాన్నీ కలిపి ‘రెండూ లేవు’ అనే పత్రాన్ని అభ్యుదయంగా పొగిడేవారు ఈ తేడా గమనించాలి. దళిత విద్యార్థికి కావలసింది మతాన్ని మాత్రమే వదులుకునే వీలు.

అధ్యాపకుల స్థితీ ఇలాగే హోదాను బట్టి ఉంటుంది. జ్యోతిషాన్ని విశ్వవిద్యాలయ కోర్సుగా పెట్టాలని 2001లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిర్ణయించినప్పుడు, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం. భార్గవ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఓడి సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2004లో అక్కడా ఓడిపోయారు. ఓడినా ఆయన స్థానానికి ముప్పు లేదు. కాంట్రాక్టు మీద పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఆ వెసులుబాటు ఎక్కడిది? కొత్త పరికరానికి కొబ్బరికాయ కొట్టే రోజున, ఆయుధపూజ నాడు, శాఖాధిపతి పిలిస్తే వెళ్లక తప్పదు. వెళ్లకపోతే ఎవరూ మెమో ఇవ్వరు. ఒప్పందం పొడిగించే సమయంలో మాత్రం ‘అందరితో కలవడు’ అన్న మాట వినిపిస్తుంది. పరిశోధక విద్యార్థి సంగతి మరీ కష్టం. థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన గైడే పూజకు పిలుస్తారు. ‘ఇది మతం కాదు, సంప్రదాయం’ అనే సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఏ సంప్రదాయమో, ఎవరిదో అడిగే అవకాశం ఆ గదిలో ముస్లిం విద్యార్థికీ ఉండదు, నాస్తిక విద్యార్థికీ ఉండదు.

రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ చేయగలిగిన పని పెద్దదేమీ కాదు. మతం కాలమ్‌లో ఏమీ రాయకపోయినా, ‘మతం లేదు’ అని రాసినా ఆ కారణంతో ఎస్సీ, బీసీ ధ్రువీకరణ పత్రాన్ని నిరాకరించకూడదని సంక్షేమ శాఖలు స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. క్రైస్తవాన్ని వదిలేసిన బీసీ-సి విద్యార్థి సంగతి కూడా అందులోనే తేల్చాలి. మైనారిటీ కోటా వంటి అవసరం లేనిచోట ప్రవేశ దరఖాస్తులో మతం అడగడమే మానేయాలి. ప్రాంగణంలో ఏ మత కార్యక్రమానికైనా హాజరు స్వచ్ఛందమని, రానివారి వివరాలు ఎక్కడా నమోదు చేయకూడదని విశ్వవిద్యాలయాలు విద్యా సంవత్సరం మొదట్లోనే శాఖలకు రాతపూర్వకంగా తెలపాలి.