సున్నా టికెట్టులో చిక్కిన తిరుపతి

2025 ఆగస్టు 15న తిరుపతిలో రెండు లెక్కలు మొదలయ్యాయి. అలిపిరి తనిఖీ కేంద్రం దాటి కొండెక్కే వాహనాలకు ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. అదే రోజు స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రమంతటా పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. కండక్టర్ల చేతిలోని యంత్రాలు సున్నా రూపాయల టికెట్లు కొట్టడం మొదలుపెట్టాయి. ఒకటి కార్ల లెక్క, మరొకటి ఆడవాళ్ల లెక్క. ఈ ఊరి రవాణా బాగుపడాలంటే ఏ లెక్క చదవాలని ఎవరైనా అడిగితే నేను క్షణం కూడా తడుముకోను, సున్నా టికెట్టునే చదవమంటాను. ఆర్టీసీకి అది ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ముకు రుజువు. నాకు మాత్రం తిరుపతి పటం మీద గీయకుండా మిగిలిపోయిన గీతలన్నీ అందులోనే కనిపిస్తాయి.

స్మార్ట్ సిటీ, శ్రీనివాస సేతు, ఘాట్ రోడ్డులో విద్యుత్ బస్సులు, ఈ కథలన్నీ పాఠకులకు తెలిసినవే. 2023 సెప్టెంబరులో సేతును పూర్తి నిడివిలో ప్రారంభించాక బయటి వాహనాలు ఊరి రద్దీలో ఇరుక్కోకుండా పైనుంచే కపిలతీర్థం వైపు వెళ్లిపోతున్నాయి. మంచిదే. అయితే ఆ వంతెన ఏ లెక్క మీద నిలబడిందో గమనించండి. కొండకు వెళ్లే వాహనాల లెక్క అది. నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారో, ఎంతమంది తలనీలాలు సమర్పించారో, హుండీకి ఎంత వచ్చిందో తెల్లవారేసరికి అంకెలతో సహా మనకు తెలుస్తుంది. ఊరి శివారున ఉన్న మంగళం నుంచి రుయా ఆసుపత్రికి నిన్న ఎంతమంది వెళ్లారు, ఏ వేళకు వెళ్లారు, ఎక్కడ బస్సు మారారు అన్న వార్త ఏ పత్రికలోనైనా చూశారా? 2011 జనాభా లెక్కల్లోనే నగరపాలక సంస్థ పరిధిలో సుమారు 2.87 లక్షల మంది ఉన్నారు. ఊరు ఆ తర్వాత ఎటు పెరిగిందో అందరికీ కనిపిస్తూనే ఉంది. యాత్రికుడు ఒకటి రెండు రోజులుండి వెళతాడు. వీళ్లు రోజూ తిరుగుతారు.

సున్నా టికెట్టు మీద ఎక్కిన స్టేజీ ఉంటుంది, దిగే స్టేజీ ఉంటుంది, వేళ ఉంటుంది, ఏ సర్వీసో ఉంటుంది. ఒక్క టికెట్టుతో ఏమీ తెలియదు. ఒక నెల టికెట్లన్నీ తెచ్చి, స్టేజీలకు అక్షాంశ రేఖాంశాలు కలిపి పటం మీద పరిస్తే ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ గంటలో, ఎందరు అన్న పట్టిక తయారవుతుంది. రవాణా ప్రణాళికకు మూలాధారం ఈ పట్టికే. మామూలుగా దీనికోసం ఇంటింటికీ మనుషుల్ని పంపి ప్రశ్నపత్రాలు నింపిస్తారు. అది ఖర్చుతో కూడిన పని, పైగా నివేదిక అచ్చయ్యేసరికి ఊరు మారిపోయి ఉంటుంది. ఇక్కడ సమాచారం ప్రతిరోజూ దానంతట అదే పుడుతోంది.

డబ్బిచ్చి కొన్న టికెట్టు మీదా ఇవన్నీ ఉంటాయి కదా అనవచ్చు. ఉంటాయి. కానీ చార్జీ ఉన్నప్పుడు మనిషి ప్రయాణంలో అవసరం ఎంత, జేబు ఎంత అన్నది విడదీయలేం. రెండు స్టేజీల దూరానికి టికెట్టు దండగ అనుకుని నడిచి వెళ్లే మహిళ ఆ పాత లెక్కలో లేనే లేదు. ఇప్పుడు చార్జీ తొలగింది, మిగిలింది అవసరం, సమయం. ఉచిత ప్రయాణం ఖజానాకు భారమా కాదా అన్న చర్చ టీవీల్లో ఎంతైనా సాగనివ్వండి. ఆ ఖర్చు ఎలాగూ పెడుతున్నాం, దానితో వచ్చిన జ్ఞానాన్ని కూడా వదులుకుంటే అది రెండో నష్టం.

ఒక మనిషిని ఊహిద్దాం. మంగళంలో ఇల్లు. బస్టాండు దగ్గరి లాడ్జీలో గదులు శుభ్రం చేసే పని. పొద్దున్నే నీళ్లు పట్టి, వంట చేసి, కొడుకును బడి దగ్గర దింపాలి. గదులు ఖాళీ అయ్యే వేళకు పనిలో ఉండాలి. తల్లికి మందులు కావాలంటే రుయాలో ఓపీ చీటీ ఇచ్చే వేళ దాటకుండా వెళ్లాలి. టోర్‌స్టెన్ హాగర్‌స్ట్రాండ్ అనే స్వీడన్ భూగోళ శాస్త్రవేత్త 1970లో చెప్పింది సరిగ్గా ఇదే. మనిషి ఎంత దూరం వెళ్లగలడన్నది రోడ్డు ఒక్కటే నిర్ణయించదు. శరీరం పెట్టే హద్దు, ఇతరులతో ఒకే చోట ఒకే వేళకు కలవవలసిన హద్దు, తలుపులు తెరిచి మూసే అధికారం పెట్టే హద్దు, ఈ మూడూ కలిసి ఆమె రోజును బిగిస్తాయి. బస్సు పావుగంట ఆలస్యమైతే ఆమె పావుగంట కోల్పోదు, ఓపీ చీటీ మొత్తాన్ని కోల్పోతుంది. ఈ తేడా సగటు వేగాల నివేదికల్లో ఎక్కడా పట్టుబడదు.

2011 లెక్కల్లో పనిచోటు ఎంత దూరం, ఎలా వెళతారు అని అడిగారు. కానీ వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవారికే ఆ వివరం ప్రకటించారు. బిడ్డను బడిలో దింపడం, రేషను తేవడం, ఆసుపత్రిలో ఉన్నవారికి క్యారియరు ఇచ్చి రావడం ప్రయాణాలే కావన్నట్టు! ఆడవాళ్ల ప్రయాణం ఎక్కువగా చిన్న ముక్కలుగా, నాలుగైదు పనులను ఒకదానికొకటి ముడేసుకుంటూ సాగుతుంది. ఇంటి నుంచి కార్యాలయానికి, కార్యాలయం నుంచి ఇంటికి అని గీసే ప్రణాళికలో ఆ ముడులు కనిపించవు. సున్నా టికెట్టులో ఒక్కో ముక్కా విడివిడిగా కనిపిస్తుంది.

టికెట్టు ఒక్కటీ చాలదని నాకూ తెలుసు. స్టేజీ అంటే కచ్చితమైన స్టాపు కాదు, ఒక స్టేజీలో రెండు మూడు స్టాపులు ఉండవచ్చు. ఇంటి నుంచి స్టాపు దాకా నడిచిన దూరం టికెట్టుకు తెలియదు. ఇక్కడే పటం గీసేవాళ్ల చేతివాటం మొదలవుతుంది. స్టాపు చుట్టూ 500 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీసి, లోపలున్న ఇళ్లన్నిటికీ బస్సు అందినట్టేనని రాసేస్తారు. తిరుపతిలో ఆ వృత్తం పచ్చి అబద్ధం. ఊరి నడుమ రైలు పట్టాలున్నాయి. పటం మీద పక్కనే కనిపించే స్టాపుకు గేటు చుట్టూ తిరిగో, వంతెన కింద దూరో వెళ్లాలి. వాన పడితే ఆ దారీ ఉండదు. వెస్ట్ చర్చి దగ్గర రైలు వంతెన కింద 2021 అక్టోబరులో నిలిచిన వాననీటిలో వాహనం చిక్కుకుని, దర్శనానికి కర్ణాటక నుంచి వచ్చిన కుటుంబంలోని ఒక యువతి చనిపోయింది. కాబట్టి వృత్తం వదిలి నిజమైన నడకదారుల వలను పటంలోకి ఎక్కించాలి. ఏ దారి ఏ వానకు మూసుకుపోతుందో కూడా ఆ వలలో ఉండాలి. శేషాచలం నుంచి మాల్వాడిగుండం మీదుగా ఊళ్లోకి దిగే నీటికి తన దారి తెలుసు, మన రోడ్ల పటాలకే అది తెలియదు.

ఇక షేర్ ఆటోలు. వాటికి టికెట్టు లేదు, వేళల పట్టిక లేదు, కానీ ఊళ్లో సగం తిరుగుడు వాటి మీదే అని ఏ కూడలిలో నిలబడినా అర్థమవుతుంది. ఏ ఆటో ఎటు పోతుందో కచ్చితంగా తెలిసిన అధికారి కూడలి దగ్గర టీ కొట్టు ఆయనే. నైరోబీ నగరానికీ ఇదే సమస్య ఉండేది. అక్కడ మటాటులు అనే ప్రైవేటు చిన్న బస్సులే ఊరిని మోస్తాయి. నైరోబీ విశ్వవిద్యాలయం విద్యార్థులు చేతిలో ఫోనుతో ఆ బస్సులెక్కి, ప్రతి మలుపూ ప్రతి స్టాపూ నమోదు చేశారు. అమెరికాలోని ఎంఐటీ, కొలంబియా విశ్వవిద్యాలయాల వారు తోడు నిలిచారు. 2014లో వెలువడిన ఆ పటాన్ని నగర పాలకులే అధికారిక పటంగా స్వీకరించారు. తిరుపతిలో ఎన్ని విశ్వవిద్యాలయాలున్నాయో ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టండి. 1954 నుంచి ఉన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్. ఒక్క సెమిస్టరు ప్రాజెక్టుకు సరిపోయే పని ఇది. బస్సు పాసు, ఫోను, ఎండకు ఒక టోపీ చాలు.

అన్నిటికంటే నాకు మింగుడు పడనిది మరొకటుంది. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. దేశానికి పటాలు గీసిపెట్టిన కార్టోశాట్-1 2005 మే 5న అక్కడి నుంచే ఎగిరింది. మన సొంత దిక్సూచి నావిక్ ఉపగ్రహాలు 2013 నుంచి అక్కడి నుంచే వెళ్లాయి. ఆ నావిక్ సంకేతాలను అందుకుని వాహనం ఎక్కడుందో చెప్పే పరికరం ప్రజా రవాణా వాహనాల్లో ఉండాలన్న ఏఐఎస్-140 నిబంధన 2019 నుంచి అమలులోకి వచ్చింది. అంటే మన జిల్లా నుంచి ఆకాశానికి వెళ్లిన సంకేతం తిరిగి మన బస్సు నెత్తి మీదే దిగాలి. దిగి ఎక్కడికి పోతోంది? స్టాపులో నిలబడ్డ మనిషి మాత్రం ఇప్పటికీ మెడ చాచి రోడ్డు చివరికి చూస్తూనే ఉన్నాడు. స్టాపులు, మార్గాలు, వేళలు మామూలు అక్షర దస్త్రాల్లో రాసే పద్ధతి 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి తయారు చేశాయి. ఇప్పుడు ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. కొచ్చి మెట్రో, ఢిల్లీ ప్రభుత్వం 2018లోనే తమ సమాచారాన్ని అందరికీ తెరిచాయి. ఇందులో రాకెట్ విద్య ఏమీ లేదు, రాకెట్ విద్య మనకు ముందే వచ్చు.

అభ్యంతరం ఉంది, అది చిన్నది కాదు. మనిషి కదలికల లెక్క తెరిస్తే మనిషే దొరికిపోతాడు. ఫోను వాడే 15 లక్షల మంది కదలికలను పరిశీలించిన ఒక అధ్యయనం, ఎవరైనా ఏ వేళ ఎక్కడున్నారో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని విడిగా గుర్తించవచ్చని 2013లో తేల్చింది. ఒంటరిగా ప్రయాణించే మహిళ విషయంలో ఇది మరీ భయం. అందుకే ఒక్కో టికెట్టు ఎవరికీ ఇవ్వకూడదు, స్టేజీల మధ్య గంటకెంతమంది అన్న మొత్తం మాత్రమే ప్రకటించాలి, పదిమందికి తక్కువున్న గడి ఖాళీగా వదలాలి. తిరుపతి బతికేది యాత్రికుల వల్లే, వాళ్ల దారులే ముందు చూడాలి అనేవారికి నా జవాబు మరింత పొట్టిది. యాత్రికుడి గది ఊడ్చేదీ, అతనికి ఇడ్లీ పెట్టేదీ, పూలు కట్టేదీ ఎవరు? వాళ్లు వేళకు చేరకపోతే యాత్ర ఎలా సాగుతుంది? పైగా కొండ రద్దీ కొండమీదే ఆగదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తోసుకున్న జనంలో ఆరుగురు చనిపోయింది ఈ ఊరి వీధిలోనే.

అసలు మన రాజ్యానికి కొలవడం చేతకాదని నేననడం లేదు, బాగా చేతనవును. 1800లో దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, కొండమీది మన్రో గంగాళం వల్ల తిరుపతివాళ్లకు ఇప్పటికీ చుట్టమే, పొలం పొలానా గొలుసు వేయించి కొలిపించాడు. ఎందుకంటే పొలం నుంచి శిస్తు వస్తుంది. ఆ గొలుసు ఇంకా ఆగలేదు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో గొలుసు స్థానంలో డ్రోన్లు వచ్చాయి, హద్దురాళ్లు వేశారు. గజం భూమి ఎవరిదో తేల్చడానికి ఆకాశంలోకి యంత్రం లేస్తుంది. అలిపిరిలో ఫాస్టాగ్ కూడా ఆ గొలుసు వారసురాలే, సొమ్ము కదిలే చోట పడింది. సొమ్ము రాని చోట మనిషి కదలికను కొలిచే అలవాటు మనకు లేదు. అదే కాలంలో మరో పద్ధతీ ఉండేది. ఈస్టిండియా కుంపిణీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా తిరిగి కరణాల్నీ, పెద్దల్నీ అడిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించారు. చెరువు ఎవరు తవ్వారు, గుడి ఎవరు కట్టారు, ఊరి హద్దు ఎక్కడ, జనం ఏం చెప్పుకుంటారు అని అడిగారు. అడిగించింది కుంపిణీ కొలువే, అయినా రాసుకున్నది శిస్తు ఒక్కటే కాదు కనుక రెండు వందల ఏళ్లయినా ఆ కాగితాలు చరిత్రకారులకు పనికొస్తున్నాయి. మన్రో గొలుసు మనకు అబ్బినంతగా కావలివారి ప్రశ్న అబ్బలేదు. తిరుపతి తిరుగుడుకు ఇప్పుడొక కైఫీయతు కావాలి, దానికి కావలసిన సిరా రోజూ టికెట్ యంత్రాల్లో ఒలికిపోతోంది.

నగరపాలక సంస్థ, తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా), ఆర్టీసీ ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక్క నెల సున్నా టికెట్ల మొత్తాలను వార్డుల పటం మీద వేసి చూడమంటున్నాను. కొత్త వంతెన వద్దనడం లేదు, టెండరు పిలిచే ముందు ఆ పటం చూడండి అంటున్నానంతే. తుమ్మలగుంట, మంగళం, కరకంబాడి వైపు గీతలు ఎంత లావుగా పడతాయో, ఏ గంటలో పడతాయో చూశాక మాట్లాడుకుందాం.

ఈ రాత్రి కూడా డిపోలో కండక్టర్లు యంత్రాలు అప్పగిస్తారు. వసూలు సరిపోయిందో లేదో చూసుకుని సంతకం పెట్టి ఇంటికి వెళతారు. పొద్దున మంగళంలో బస్సెక్కిన ఆమె టికెట్టు ఆ లెక్కలోనే ఎక్కడో ఉంటుంది, ఎదురుగా సున్నాతో.