మనసు గారికి ఒక ఫిర్యాదు

బరంపురం, ఒడిశా.

మనసు గారికి,

'గారు' అన్నానని పొంగిపోకు. ఫిర్యాదు ఎవరికి రాసినా పైన మర్యాద, కింద తిట్లు ఉండటం మన పద్ధతి.

పగలంతా నువ్వు ఎక్కడ తిరుగుతావో నాకు తెలీదు. షాపులో చీరల స్టాకు లెక్క చూడమంటే ఆవలిస్తావు. పెద్ద బజారు దాకా నడిపించి, ఏం కొనడానికి వచ్చామో చెప్పకుండా మాయమవుతావు. తెల్లారగట్ల ధ్యానానికి చాప పరిచి, నడుం నిటారుగా పెట్టి కళ్లు మూసుకున్నానా, నీ అంత పనిమంతుడు గంజాం జిల్లా మొత్తంలో ఉండడు!

నిన్నటి సంగతే తీసుకో. ఊపిరి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి, తప్పితే మళ్లీ ఒకటి నుంచి. ఇంతే పని. మూడో ఊపిరికి ఇచ్ఛాపురం మేనత్తగారింటి పెళ్లికి ఎంత చదివించాలో తేల్చమన్నావు. నాలుగు దగ్గర లెక్క ఒడియాలోకి మారిపోయింది: చారి, పాంచ... అక్కణ్ణించి ఒడియా మాస్టారు, ఎవరో చేసిన అల్లరికి ఆయన నన్ను బెంచీ ఎక్కించిన రోజు. ఆ రోజు ఆయనకి ఇవ్వాల్సిన జవాబు ఇన్నేళ్లకి నీకు దొరికింది, అదీ శుభ్రమైన ఒడియాలో. ఇంటిపన్ను కౌంటర్ దగ్గర నేను నీళ్లు నములుతుంటే ఆ భాష ఒక్క ముక్క అందించావా?

మన ఊరి ఠాకురాణి అమ్మవారి యాత్రలో మొక్కున్నవాళ్లు వేషాలు కట్టి తిరిగినట్టు, నీ దగ్గర ఒకే చింత రోజుకో వేషం కడుతుంది. ఓ రోజు పిల్లాడి ఫీజు, ఓ రోజు కారుతున్న డాబా, ఓ రోజు పట్టుచీర అడిగేవాళ్లు తగ్గిపోవడం. రంగు కడిగితే అన్నిటి కిందా డబ్బు టెన్షనే. యాత్రయితే రెండేళ్లకోసారి వచ్చి పోతుంది. నీకు సెలవే లేదు.

నోరు మూసుకోమని కూడా చెప్పి చూశాను. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు, తెల్ల ఎలుగుబంటిని ఐదు నిమిషాలు తలుచుకోవద్దు, తలుచుకుంటే గంట కొట్టండి అని కొందరిని కూర్చోబెట్టాడట. గంట మోగుతూనే ఉంది. ఇది చదివిన మర్నాటి నుంచి నా ధ్యానంలోకి అదొకటి వచ్చి చేరింది. మన కొండల్లో నల్లవి ఉండగా తెల్లది ఎందుకయ్యా?

2010లో ఇంకో ఇద్దరు పరిశోధకులు, జనాన్ని ఫోన్లలో ఉన్నట్టుండి పలకరించి చూస్తే, 46.9 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. మిగతా 53 శాతం ఎవరింట్లో ఉందో గానీ మా ఇంటికి రాలేదు.

అసలు నిన్ను పాడుచేసింది కురుక్షేత్రం. నిన్ను పట్టడం గాలిని పట్టడమంత కష్టమని అర్జునుడు అంటే, సాక్షాత్తూ కృష్ణుడే 'సందేహం లేదు' అన్నాడు. ఇక నీకు పొగరు రాక ఏమవుతుంది? అయితే గీతలో అదే ఆరో అధ్యాయంలో ఇంకో మాట ఉంది: ఎటెటు పోతే అటు నుంచి వెనక్కి తీసుకురమ్మని. నువ్వు పోతావన్నది ఆయన ముందే లెక్కలో వేసుకున్నాడు. 'పది నిమిషాలు ఒక్క ఆలోచన కూడా రాకూడదు' అంటూ వీడియోల్లో కాషాయం కట్టుకుని చెప్పేవాళ్లే దాన్ని వదిలేశారు. వాళ్ల మాట నమ్మి నిన్ను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. సగమే.

కాబట్టి కొత్త ఒప్పందం. నువ్వు పోతావు, పో. పోయావని తెలిసినప్పుడు 'ఆలోచన' అని ఒక్కసారి అనుకుని మళ్లీ ఒకటి దగ్గరికొస్తాను. మాస్టారితో వాదించను, మేనత్తకి లెక్క చెప్పను. నువ్వు వందసార్లు పోతే నేను వందసార్లు వస్తాను. ఎవరికి ముందు విసుగు పుడుతుందో చూద్దాం.

ఒక్క మనవి మాత్రం ఉంది. గ్యాస్ బుక్ చేయాలన్న సంగతి చాప మీద కాదు, రాత్రి ఫోన్ చేతిలో ఉన్నప్పుడే చెప్పు.

ఇట్లు,
నీతో ఒకే ఆధార్ కార్డు పంచుకుంటున్నవాడు